ఈ ఒక్క రోజు లెక్క



గోదావరి పాయ అయిన వైనతేయ సముద్రంలో కలిసే చోట ఓడలరేవు ఉంది. ఒక పక్క ఓ.ఎన్.జి.సి. వారి గ్యాస్ టెర్మినల్, మరొక పక్క ఇసుక మీదికి లాగిన పడవలు, ఆరబెట్టిన వలలు, వెనుక కొబ్బరి తోటలు. తెల్లవారుజామున వేట నుంచి పడవ తిరిగి వస్తుంటే ఒడ్డున ఉన్నవారు అడిగే మాట ఏ రేవులోనైనా ఒకటే: ఏమైనా పడ్డాయా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఒక్కోసారి ఎంత కష్టమో వేటకు వెళ్ళిన వారికే తెలుసు. డీజిలు అయిపోయింది, ఐసు కరిగిపోయింది, రాత్రి నిద్ర పోయింది, గంపలో మాత్రం ఏమీ లేదు.

పునరుత్థానుడైన యేసు ప్రభువు తిబేరియ సరస్సు ఒడ్డున నిలబడి తన శిష్యులను అడిగినది కూడా ఇదే. యోహాను సువార్త 21వ అధ్యాయం తీసి చదవండి. వాళ్ళు లేవని చెప్పారు. రాత్రంతా శ్రమపడినా ఒక్క చేప దొరకలేదని, ఒడ్డున ఉన్నది ఎవరో ఇంకా గుర్తుపట్టకుండానే, దాచకుండా చెప్పారు. నిన్న బాగా పడ్డాయని గాని, కాసేపట్లో పడతాయిలెండి అని గాని కప్పిపుచ్చలేదు. ఆ జవాబు తరువాతనే కుడి వైపున వల వేయమన్న ఆజ్ఞ వచ్చింది. 153 పెద్ద చేపలు వచ్చాయి. మనం సాధారణంగా ఆ 153 దగ్గర ఆగి, ఆ సంఖ్యకు అర్థాలు వెతుకుతూ ఉంటాం. ఈ వారం దానికి ముందున్న ఆ చిన్న జవాబు దగ్గర కాసేపు కూర్చుందాం. తాగుడు మానుకొని, సంసారాన్ని నిలబెట్టుకొంటూ, చిన్న కొట్టో పడవో నడుపుకొంటున్న వారి కోసం ఈ మాటలు.

ఒక మనిషిని తలచుకోండి. పేరు అవసరం లేదు; అటువంటివారు ప్రతి విచారణలోనూ ఉన్నారు. రోడ్డు పక్కన చిన్న కొట్టు. వల దారం, తాళ్ళు, బెండ్లు, పడవ ఇంజనుకు ఆయిలు, పక్కనే ఒక టీ పొయ్యి. ఆయన తాగుడు మానేసి నాలుగు నెలలైంది. మానేస్తే ఇక అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. సర్దుకోలేదు. పైపెచ్చు, మానేసిన తరువాతనే అసలు సంగతులు కంటికి కనబడ్డాయి. తాగే రోజుల్లో మసకగా ఉన్నవన్నీ స్పష్టమైనాయి: టోకు వ్యాపారికి ఇవ్వవలసిన బాకీ, తాకట్టులో ఉన్న భార్య గొలుసు, తనతో మాట్లాడేటప్పుడు పెద్దపిల్ల గుమ్మం దగ్గరే నిలబడిపోవడం. సాయంత్రం ఏడు గంటలకు లైటు వేసుకొని గల్లాపెట్టె ముందు కూర్చుంటే, ఇవన్నీ కనబడని ఆ రోజులే నయమేమో అన్న ఆలోచన మెల్లగా వచ్చి పక్కన కూర్చుంటుంది.

తాగుడు మానమని చెప్పే ప్రసంగాలు మనం చాలానే విన్నాం. మానినవాని నాలుగో నెల గురించి చెప్పే ప్రసంగాలు తక్కువ. ప్రమాదం అక్కడే ఉంది. మొదటి వారంలో ఊరంతా మెచ్చుకుంటుంది, గురువులు భుజం తడతారు, అత్తగారు కూడా మంచి మాట అంటుంది. నాలుగో నెలలో ఎవరూ మెచ్చుకోరు. అప్పులవాళ్ళు మాత్రం తప్పకుండా వస్తారు, ఇప్పుడు ఆయన మెలకువగా ఉంటాడని వాళ్ళకు తెలుసు కనుక!

ఇది ఏ ఒకరిద్దరి గొడవో కాదు. కేంద్ర సాంఘిక న్యాయ మంత్రిత్వ శాఖ 2019లో ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వారిలో సుమారు 5 కోట్ల 70 లక్షల మందికి తాగుడు తెచ్చిన కష్టాల నుంచి బయటపడడానికి సహాయం కావాలి. ఒక్కొక్కరి వెనుక ఒక భార్యను, ఒక తల్లిని, ఇద్దరు పిల్లలను లెక్కవేసుకోండి.

ఇటువంటి వారిని చూసి ఈ మధ్య అందరూ అనే మాట ఒకటి ఉంది: పాజిటివ్‌గా ఉండు! ఖర్చు లేని మాట గనుక ఎవరైనా అనవచ్చు. దిగులుపడకు, అంతా మంచే జరుగుతుంది, ముఖం మీద నవ్వు పెట్టుకో. బాకీ ఉన్నవాడు ఈ మాట విని ఇంకా కుంగిపోతాడు, ఎందుకంటే అతనికి నవ్వు రావడం లేదు. నవ్వు రాకపోవడం కూడా తన తప్పే కాబోలు అనుకుంటాడు. తిరుసభ మనకు నేర్పిన నిరీక్షణ ఇది కాదు. విశ్వాసం, నిరీక్షణ, దైవప్రేమ అనే మూడు సుగుణాలలో నడిమిదైన నిరీక్షణకు ముఖం మీది నవ్వుతో పని లేదు. వల ఖాళీగా ఉన్నదని చెప్పగలిగి, ఆ తరువాత కూడా పడవ దిగిపోకుండా ఇంకొకసారి వల వేయగలగడం నిరీక్షణ. ఈ రెండూ ఉండాలి. ఖాళీ అని చెప్పడంతోనే ఆగిపోతే అది నిరాశ. చెప్పకుండా వల వేస్తూ పోతే అది మొండితనం. తాగేవాడి ఇంట్లో అది ఎంతకాలం సాగిందో ఇల్లాలికి తెలుసు.

కాబట్టి మొట్టమొదట లెక్క. రాత్రి కొట్టు కట్టేముందు ఒక నోటుపుస్తకం తీసి మూడు సంగతులు రాయండి: ఈ రోజు ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎవరికి ఎంత ఇవ్వాలి. ఇంటి డబ్బు ఒక డబ్బాలో, కొట్టు డబ్బు మరొక డబ్బాలో ఉండాలి. చిన్న వ్యాపారాలు మునిగేది ఎక్కువగా ఈ రెండు డబ్బాలు ఒకటైన చోటే. ఆ పుస్తకం భార్య చదవగలిగే చోట ఉంచండి. ఇది వ్యాపారం సంగతి కదా, దివ్యపూజకు, జపమాలకు దీనితో ఏమి సంబంధం అని అడగవచ్చు. రాత్రి పడుకునేముందు ఆత్మశోధన చేసుకోవాలని మనకు చిన్నప్పుడే ఉపదేశంలో నేర్పారు కదా. తాగుబోతు మొట్టమొదట నేర్చుకునే విద్య అబద్ధం. ఎంత తాగావంటే కొద్దిగానే అంటాడు, డబ్బు ఏదంటే రేపు వస్తుందంటాడు. సీసా మానినంత మాత్రాన ఆ విద్య మరుపుకు రాదు. రోజూ మూడు అంకెలు నిజంగా రాసేవాని చేతికి నిజం చెప్పే అలవాటు మళ్ళీ పడుతుంది.

వ్యాపారం దెబ్బతిన్న సాయంత్రమే తాగుడు మానినవానికి ఎంత గండమో, ఆ గండం నుంచి ఎంత మేలు పుట్టగలదో చెప్పే నిజమైన కథ ఒకటి ఉంది. అది మన దేశంలో జరిగినది కాదు. అమెరికాలోని ఓహాయో రాష్ట్రంలో ఏక్రన్ అనే పట్టణంలో 1935 మే నెలలో జరిగింది. న్యూయార్కుకు చెందిన బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి ఒక కంపెనీ మీద పట్టు సంపాదించే పని మీద అక్కడికి వెళ్ళాడు. తాగుడు వలన సర్వం పోగొట్టుకొని, ఆసుపత్రిలో చేరి, మానేసి అప్పటికి అయిదు నెలలే అయింది. వెళ్ళిన పని చెడిపోయింది. తోడు వచ్చినవారు తిరిగి వెళ్ళిపోయారు. శనివారం సాయంత్రం, పరాయి ఊరు, హోటలు వరండాలో ఒంటరి మనిషి. ఒక చివర బారు. లోపలి నుంచి నవ్వులు, మాటలు వినబడుతున్నాయి. మరొక చివర ఒక టెలిఫోను, దాని దగ్గర ఊరిలోని దేవాలయాల పేర్ల పట్టిక.

ఆయన టెలిఫోను వైపు నడిచాడు. ఒక పాదిరికి ఫోను చేసి, తనలాగే తాగుడుతో బాధపడుతున్న మనిషి ఎవరైనా ఈ ఊరిలో ఉన్నారా, మాట్లాడాలి అని అడిగాడు. గమనించండి, నన్ను రక్షించండి అని అడగలేదు. తాను నిలబడాలంటే మరొక తాగుబోతుకు చేయి అందించాలని ఆయనకు ఎలాగో తెలిసింది. ఒకరి నుంచి ఒకరికి మాట వెళ్ళి, మరునాడు ఆదివారం ఒక మహాతల్లి తన ఇంట్లో ఆయనను డాక్టర్ బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యునితో కలిపింది. ఆ డాక్టరు కూడా తాగుడు వలన వైద్యం, పేరు రెండూ పోగొట్టుకుంటున్నవాడే. పదిహేను నిమిషాలే ఉంటానని వచ్చిన డాక్టరు రాత్రి పదకొండు దాటేదాకా కదలలేదు. ఆయన ఆఖరిసారి తాగినది 1935 జూన్ 10. ఆ తేదీనే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘానికి పుట్టినరోజుగా జరుపుకొంటారు. 1957లో ఆ సంఘం మన దేశానికీ వచ్చింది. చందా లేదు, కులం అడగరు, మతం అడగరు, ఇంటిపేరు కూడా అడగరు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు.

ఈ కథలో చాలామంది చెప్పని భాగం ఒకటి ఉంది. మన కొట్టు యజమానికి కావలసినది ఆ భాగమే. తాగుడు మానిన తరువాత బిల్ విల్సన్‌కు డబ్బు కలిసి రాలేదు. 1939లో, అంటే మానిన నాలుగేళ్ళకు, భార్య పుట్టింటివారి నుంచి వచ్చిన ఇల్లు కూడా చేయి జారిపోయింది. రెండేళ్ళపాటు ఆ దంపతులు ఒకరి ఇంట కొన్నాళ్ళు, మరొకరి ఇంట కొన్నాళ్ళు తలదాచుకున్నారు. అయినా ఆయన తాగలేదు. మంచివాడుగా మారితే దేవుడు వెంటనే వ్యాపారాన్ని వృద్ధి చేస్తాడని కొందరు గట్టిగా ప్రకటిస్తూ ఉంటారు. ఆ మాట నమ్మి తాగుడు మానినవాడు, నష్టం వచ్చిన మొదటి నెలలోనే దేవుడు మాట తప్పాడని మళ్ళీ సీసా పట్టుకుంటాడు. దేవుడు అటువంటి మాట ఇవ్వలేదు.

మరి దేవుడు ఏమి ఇచ్చాడు? ఎడారిలో ఇశ్రాయేలు ప్రజలకు మన్నా ఇచ్చాడు. నిర్గమకాండం 16వ అధ్యాయంలో చూస్తే, ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. రేపటికని దాచుకున్నది పురుగులు పట్టి కంపు కొట్టింది. తాగుడు మానినవారి సంఘాలలో మొదట నేర్పే పాఠం కూడా ఇదే: జన్మంతా తాగనని బరువు నెత్తిన పెట్టుకోవద్దు, ఈ ఒక్క రోజు తాగకుండా ఉంటే చాలు. ఆ బరువు నెత్తిన పెట్టుకొని పుట్టినరోజు దాకా కూడా రానివారు ఎందరో. ఈ రోజు, పొద్దుగూకేదాకా, అంటే ఎవరైనా మోయగలరు. రేపు మళ్ళీ ఈ రోజే అవుతుంది.

అయితే రేపటి సంగతి అసలు తలచుకోవద్దా, కొట్టులో సరుకు ఎలా నింపాలి అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న సబబైనదే. అదే అధ్యాయంలో, విశ్రాంతి దినానికి ముందు రోజు రెండింతలు ఏరుకోమని కూడా దేవుడే చెప్పాడు. ఆ రోజు దాచినది చెడిపోలేదు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక ఆ నిబంధన మంచిదే. కాని ఆ రెండు నెలలు రేవు మీద ఆధారపడిన ప్రతి కొట్టుకూ బేరం పడిపోతుంది. పని ఉండదు, డబ్బు ఉండదు, పగలంతా ఖాళీ. తాగుడు మానినవానికి ఈ మూడూ ఒకేసారి రావడం మంచిది కాదు. వస్తుందని తెలిసిన ఖాళీ గనుక దానికి ముందుగానే కొంత పక్కన పెట్టుకోవచ్చు, ఆ రోజుల్లో చేయవలసిన పని కూడా ముందుగానే వెతుక్కోవచ్చు. వల బాగుచేయడమో, కొట్టు గోడకు సున్నం వేయడమో, గుడి ఆవరణలో మొక్కలు నాటడమో ఏదో ఒకటి. తెలిసిన కష్టానికి సిద్ధపడడం అవిశ్వాసం కాదు. తెలియని కష్టాలను ఊహించుకొని రాత్రంతా మేలుకోవడం మాత్రం పురుగు పట్టిన మన్నాయే.

శరీరం సంగతి కూడా చెప్పాలి. మనం ఆత్మ గురించి మాట్లాడుతూ దాన్ని మరచిపోతాం. ప్రవక్త ఏలీయా గారు చెట్టు కింద పడుకొని ఇక చాలు, నా ప్రాణం తీసుకొమ్మని ప్రభువును వేడుకున్న ఘట్టం రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఉంది. అంతకు ముందు రోజుల్లోనే ఆయన గొప్ప విజయం సాధించాడు. ప్రభువు దూత వచ్చి ఆయనకు ఉపదేశమేమీ చేయలేదు. కాల్చిన రొట్టె, కూజాలో నీళ్ళు పెట్టి, లేచి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగు వేళల్లో తాగుడు కోరిక ఎక్కువగా మీద పడుతుందని మానినవారు అనుభవంతో చెబుతారు. కొట్టు వదలలేక మధ్యాహ్నం అన్నం మానేసి సాయంత్రం దాకా టీలతో గడిపే యజమాని, ఆ నాలుగింటిలో రెండింటిని తన చేతులతో పిలుచుకొంటున్నాడు. ఒంటిగంటకు అన్నం క్యారియరు పంపే ఇల్లాలు దేవదూత పనే చేస్తోంది. ఆవిడకు ఆ మాట ఎవరూ చెప్పి ఉండరు.

ఒక హెచ్చరిక. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్లు, మతి చలించడం రావచ్చు; ప్రాణాపాయం కూడా. మొక్కు మొక్కుకొని గదిలో తలుపు వేసుకొని మానేద్దామనుకోకండి. మొదట డాక్టరును చూడండి. ప్రార్థన డాక్టరుకు పోటీ కాదు.

ఇక కుటుంబం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడదాం.

తాగుడు మానినవాడు మూడు నెలలకే ఒక సన్మానం కోసం ఎదురు చూస్తాడు. నేను తాగడం లేదు కదా, ఇంకా ఎందుకు బీరువా తాళాలు కొంగున ముడేసుకుంటావు? నేను ఆలస్యంగా వస్తే ఎందుకు నోరు వాసన చూస్తావు? పిల్లలు ఎందుకు నవ్వుతూ ఎదురు రారు? ఈ ప్రశ్నలు కోపంగా వస్తాయి, కోపం ఎటు తీసుకెళ్తుందో ముందే చెప్పుకున్నాం.

కోనసీమ వారికి దీన్ని వివరించడం తేలిక. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను మన పెద్దవారెవరూ మరచిపోలేరు. వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. లక్షల కొబ్బరి చెట్లు కూలిపోయాయి. తెల్లవారేసరికి తాతల నాటి తోటలు నేల మీద ఉన్నాయి. పడిపోవడానికి ఒక్క రాత్రి చాలింది. మళ్ళీ నాటిన కొబ్బరి మొక్క, మన దేశవాళీ పొడుగు రకమైతే, కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. నాటిన మూడో నెలలో మొక్క దగ్గర నిలబడి కాయలేవని కసిరిన రైతు కోనసీమలో ఎవరూ లేరు. నీళ్ళు పోశారు, ఎరువు వేశారు, పశువులు తినకుండా దడి కట్టారు. ఆ ఆరేడేళ్ళు ఏమి తిన్నారు? మొక్కల మధ్యన అరటి వేసుకున్నవారికి ఏడాది తిరిగేసరికి గెల వచ్చింది. ఇంట్లో కూడా అంతే. నమ్మకం కొబ్బరి మొక్క, దానికి తొందర పనికిరాదు. ఈ లోపల అరటి గెలలు ఉంటాయి: పండుగనాడు గొడవ లేకుండా అన్నం తిన్న పూట, పాప బడి ఫీజు సమయానికి కట్టిన నెల, కొడుకు తనంతట తాను వచ్చి కొట్టులో పక్కన కూర్చున్న సాయంత్రం. వీటిని చిన్నవని తీసిపారేయకండి, ప్రభువుకు కృతజ్ఞతలు చెప్పి తినండి.

భార్యలతో కూడా ఒక మాట. అమ్మా, మీరు ఇన్నేళ్ళు ఒంటిచేత్తో ఇల్లు నడిపారు. ఆయన మానేశాడని అందరూ సంతోషిస్తుంటే మీకు మాత్రం ఎందుకో ఒళ్ళు మండుతోందా? అది పాపమేమోనని భయపడకండి. ఇందాక చెప్పుకున్న బిల్ విల్సన్ భార్య లోయిస్ ఏళ్ళ తరబడి ప్రార్థించినది భర్త మానాలనే. తీరా మానిన తరువాత, ఒక సాయంత్రం మీటింగుకు ఆలస్యమవుతోంది త్వరగా రా అని ఆయన అన్నందుకు, చేతికందిన చెప్పు తీసి ఆయన మీదికి విసిరింది. ఆయన మీటింగులను కూడా తిట్టింది. తరువాత ఆవిడే ఆశ్చర్యపడి ఆలోచించుకుంది: తాగుడు ఆయనను ఎంత మార్చిందో, ఆ తాగుడును కాపలా కాయడం తనను కూడా అంత మార్చింది. ఆ ఆలోచనే పెరిగి 1951లో తాగుడు ఉన్న ఇళ్ళ వారి కోసం ఆల్-అనాన్ అనే వేరే సంఘం ఏర్పడింది. భర్తకు మందు మానడానికి సహాయం కావలసి వచ్చినట్లే, భార్యకు భయం మానడానికి సహాయం కావాలి. విచారణలో మరో ఇద్దరు స్త్రీలతో కూర్చొని మాట్లాడుకోండి. గురువుతో గాని, మఠకన్యలతో గాని చెప్పుకోండి. ఒకటి మాత్రం స్పష్టంగా చెప్పవలసి ఉంది: కొట్టే భర్త చేతిలో దెబ్బలు ఓర్చుకోవడం ఏ సుగుణమూ కాదు. తాగి కొట్టినా, తాగక కొట్టినా పిల్లలను తీసుకొని భద్రమైన చోటికి వెళ్ళండి.

స్త్రీలు తలచుకుంటే ఏమవుతుందో తెలుగునాడు చూడకపోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన విద్య తరగతులకు వెళ్ళిన స్త్రీలు, వర్ధినేని రోశమ్మ గారి వంటివారు ముందు నిలబడగా, ఊళ్ళో సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. ప్రభుత్వాలు తలుపు మూస్తాయి, తెరుస్తాయి. ఖజానా అవసరాలు వాటికుంటాయి. అయితే ఆ పోరాటంలో నుంచి పుట్టిన మరొక సంగతి సడలిపోలేదు. సారా మీద పోయే డబ్బు మిగిలిన నెల్లూరు స్త్రీలు రోజుకు ఒక్క రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. దానికి పొదుపు లక్ష్మి అని పేరు. ఈనాడు ఊరూరా ఉన్న పొదుపు సంఘాల వెనుక ఆ రూపాయి ఉంది. ఎన్ని టిఫిను బళ్ళు, కుట్టుమిషన్లు, పచ్చళ్ళ వ్యాపారాలు అటువంటి సంఘాల అప్పుతో మొదలయ్యాయో మీ వీధిలోనే లెక్కపెట్టవచ్చు. ఒక్కసారిగా వెయ్యి రూపాయలు దాచమంటే ఆ స్త్రీలు దాచలేకపోయేవారు.

ఇప్పుడు మన క్రైస్తవ కుటుంబాలను ఒకటి అడగాలి. జ్ఞానస్నానం విందులో, కొత్త ఇంటి ఆశీర్వాదం నాడు, క్రిస్మసు రాత్రి, పెరటి వైపు ఒక గదిలో సీసాలు ఎందుకు పెడుతున్నారు? కానా పెండ్లిలో ప్రభువు ద్రాక్షరసం చేశాడు కదా అని సమాధానం వస్తుంది. చేశాడు. సీరా జ్ఞానగ్రంథం 31వ అధ్యాయం కూడా మితంగా తీసుకున్న ద్రాక్షరసాన్ని నిందించదు. మితిమీరితే ఏమవుతుందో అదే అధ్యాయం కుండబద్దలు కొట్టినట్లు చెబుతుంది. కాని ప్రభువు కానాలో చేసినది సిగ్గుపడవలసిన ఒక ఇంటి పరువు కాపాడడం. నాలుగు నెలల క్రితం మానిన బావమరిదిని ఈ ఒక్కరోజుకు ఏమీ కాదులే బావా అని చేయి పట్టి లాగేవాడు ఒక ఇంటి పరువు తీస్తున్నాడు. మర్యాద చేయాలనుంటే లేత కొబ్బరిబొండం కొట్టి ఇవ్వండి. కోనసీమలో దానికి కరువా?

మానినవాడు మళ్ళీ పడిపోతే? పడిపోవచ్చు. చాలామంది ఒకసారితో నిలబడలేదు. ఐర్లండులోని డబ్లిన్ నగరంలో 1856లో పుట్టిన మాట్ టాల్బట్ పన్నెండేళ్ళకే మద్యం సీసాలు నింపే చోట పనికి చేరి, అక్కడే తాగుడు మరిగాడు. తాగుడుకు డబ్బు లేక ఒక గుడ్డి బిచ్చగాని ఫిడేలు దొంగిలించి అమ్ముకున్న చరిత్ర ఆయనది. 1884లో గురువు ఎదుట తాగనని ప్రమాణం చేశాడు. అది కూడా మూడు నెలలకే. తరువాత ఆరు నెలలకు, తరువాత జీవితాంతం. కొంతకాలం జేబులో డబ్బు పెట్టుకోవడమే మానేశాడు. కూలిపనితో పాత బాకీలన్నీ తీర్చాడు. ఆ ఫిడేలు మనిషి కోసం ఎంత వెతికినా దొరకకపోతే ఆయన ఆత్మ కోసం పూజలు చెప్పించాడు. 1925 జూన్ 7న దివ్యపూజకు నడిచి వెళుతూ దారిలో కూలిపోయి మరణించేదాకా 41 ఏళ్ళు తాగలేదు. 1975లో ఆరవ పౌలు పాపుగారు ఆయనను పూజనీయులుగా ప్రకటించారు. ఆయన వ్యాపారి కాదు, జేబు ఖాళీగా ఉంచుకోగలిగాడు. కొట్టు నడిపేవారికి అది కుదరదు. అందుకని సాయంత్రం ఏడింటి లోపల గల్లాపెట్టెలోని డబ్బు ఇంటికి పంపే ఏర్పాటు చేసుకోండి. కొట్టు కట్టి నడిచి వచ్చేటప్పుడు జేబులో టీ డబ్బులు తప్ప ఉండకూడదు.

ఏక్రన్‌లోని పునీత తోమా ఆసుపత్రిలో 1939 నుంచి డాక్టర్ బాబ్‌తో కలిసి తాగుడు రోగులను చేర్చుకొని చూసిన సిస్టర్ ఇగ్నేషియా అనే మఠకన్య, ఇంటికి వెళ్ళే ప్రతి రోగికి ఒక తిరుహృదయ బిళ్ళ ఇచ్చేవారు. ఒకే షరతు: మళ్ళీ తాగాలనిపిస్తే, తాగడానికి ముందు ఆ బిళ్ళను స్వయంగా తెచ్చి తన చేతికి ఇచ్చి వెళ్ళాలి. తాగవద్దని ఆవిడ అనలేదు, చూడండి. ముందు నా ముఖం చూసి వెళ్ళమన్నారు. మన విచారణల్లో అటువంటి ముఖం ఒకటి ప్రతివానికీ ఉండాలి: మరియదళం పెద్ద కావచ్చు, ఉపదేశి కావచ్చు, కొట్టు పక్క కొట్టు మనిషి కావచ్చు. రాత్రి పదింటికి వెళ్ళి తలుపు తట్టినా విసుక్కోనివారు. పడిపోయినవాడు మొదట ఆ తలుపు తట్టాలి, తరువాత పాపసంకీర్తనానికి వెళ్ళాలి, మరునాడు ఉదయం కొట్టు తెరవాలి. సిగ్గుతో మూసిన కొట్టు మూడు రోజులు మూతబడితే తెరవడం ఇంకా కష్టం.

పునీత పేతురుగారు కూడా బొగ్గుల మంట దగ్గర చలి కాచుకొంటూ ప్రభువును ఎరుగనని ముమ్మారు బొంకినవారే. తిబేరియ ఒడ్డున ప్రభువు ఆయన కోసం మళ్ళీ ఒక బొగ్గుల మంటే వేసి, చేప కాల్చి, రొట్టె పెట్టి, ముందు తినమన్నాడు. ప్రశ్నలు భోజనం తరువాత అడిగాడు.

ఇంట్లో ఇటువంటి బాధ ఉన్నవారు రెండు నంబర్లు రాసుకోండి. తాగుడు, మత్తుమందుల నుంచి బయటపడడానికి కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోను 14446. దిగులు, నిద్రలేమి, బతుకు మీద విరక్తి వంటి వాటికి టెలి మానస్ 14416. తెలుగులోనే మాట్లాడతారు, రాత్రింబవళ్ళు పలుకుతుంది. రెండూ ఒకదానిలాగే ఒకటి కనబడతాయి, అంకెలు సరిగ్గా చూసుకోండి. ఈ పేజీ అంచు కత్తిరించి బియ్యం డబ్బా మూత లోపలి వైపు అంటించండి. రోజుకు రెండుసార్లు ఎవరో ఒకరు ఆ మూత తీస్తారు.